18 చదరపు మీటర్లలో 11 నెలలు

నేనుంటున్న ఫ్లాట్ బాత్‌రూమ్, వంటగట్టు అన్నీ కలిపి 18 చదరపు మీటర్లు. ఇంగ్లండ్‌లో 2015 నాటి ప్రమాణం ప్రకారం స్నానపు తొట్టి బదులు షవర్ ఉన్న, ఒక్కరుండే ఇంటికి కనీసం 37 ఉండాలి. నాది అందులో సగం కూడా లేదు. చూడ్డానికి వెళ్లిన రోజు గోడలోకి మడిచే మంచం మడిచే ఉంది, లైట్లన్నీ వెలుగుతున్నాయి. బాగానే ఉందే అనుకున్నాను. మీరు వెళ్తే ముందు ఆ మంచం దింపించండి. దింపాక ఫ్రిజ్ తలుపు ఎంత తెరుచుకుంటుందో చూడండి. ఇక్కడ జానెడే. నీళ్ల సీసా కావాలంటే చెయ్యి దూర్చి తడుముకోవాలి.

మంచాన్ని మాత్రం తప్పుపట్టను. గ్యాస్ పిస్టన్లున్నాయి, ఒంటి చేత్తో లేస్తుంది. కానీ నాది నైట్ షిఫ్ట్. పొద్దున్నే వచ్చి పడుకుంటే తల పక్కనే ఫ్రిజ్ మోటారు గుర్రుమంటూ ఉంటుంది. జ్వరం వచ్చిన వారం దాని ప్లగ్ పీకేశాను, లోపలున్నవన్నీ పాడైపోయాయి.

చోటు సంగతి ఎలాగో సర్దుకున్నాను. గాలితోనే నా గొడవంతా. కిటికీ నాలుగు వేళ్ల మందం తెరుచుకుంటుంది, అంతే. ఉతికిన బట్టలు గదిలోనే ఆరాలి. మూడో నెలకల్లా మంచం వెనక గోడకి నల్లగా బూజు పట్టింది. మెయింటెనెన్స్ వాళ్లు వచ్చి పైన పెయింట్ కొట్టి, "కిటికీ తీసి ఉంచండి సార్" అని చెప్పి వెళ్లారు. నెలకి బూజు మళ్లీ వచ్చింది.

ఇదేం కొత్త తప్పు కాదు. టోక్యోలో 1972లో కట్టిన నకగిన్ క్యాప్సూల్ టవర్‌లో గది 10 చదరపు మీటర్లే, ఆ గుండ్రటి కిటికీలు తెరుచుకునేవే కావు. 25 ఏళ్లకోసారి క్యాప్సూళ్లు, అంటే పెట్టెల్లాంటి ఆ గదుల్ని, మార్చేద్దాం అనుకున్నారు గానీ మార్చలేదు. 2022లో కూల్చేశారు. న్యూయార్క్‌లో 2016లో వచ్చిన కార్మెల్ ప్లేస్‌లోనూ చిన్న ఫ్లాట్లే, 260 చదరపు అడుగుల నుంచి మొదలు. అయితే అక్కడ సీలింగ్ 9 అడుగుల 8 అంగుళాల ఎత్తు, కిటికీలు పెద్దవి. నేను చెయ్యెత్తితే సీలింగ్ తగులుతుంది. ఫ్లాట్ చూసేవాళ్లు నేల ఒక్కటే కొలుస్తారు, నేనూ అంతే చేశాను.

ఐదుకి రెండు స్టార్లు. వచ్చే నెల ఖాళీ చేస్తున్నాను. ఈలోగా ఎవరైనా చూడ్డానికి వస్తే మంచం నేనే దింపి చూపిస్తాను.