గ్రీన్ బిల్డింగ్ బాధ్యత ఎవరికి: కన్సల్టెంట్‌కా, సొంత టీమ్‌కా, డిజైన్-బిల్డ్ కాంట్రాక్టర్‌కా?

లాబీలో గ్రీన్ రేటింగ్ ప్లాటినం ఫలకం ఉంటుంది, కరెంటు బిల్లు మాత్రం పక్కనున్న మామూలు బిల్డింగ్‌కి వచ్చినంతే వస్తుంది. ఇలాంటి చోట లోపం డ్రాయింగుల్లో కన్నా సంస్థ లోపలే ఎక్కువగా దొరుకుతుంది. ఎవరి సంతకం లేకుండా సరుకు మారిపోయింది, ఎవరి పని ఎప్పుడు ముగిసింది అన్నవి ముందు అడగాలి.

అందరూ ఎంచుకునేది బయటి కన్సల్టెంట్‌ని. సిమ్యులేషన్ (కరెంటు వాడకాన్ని కంప్యూటర్‌లో ముందే అంచనా కట్టడం), రేటింగ్ పత్రాలు, పాయింట్ల లెక్క ఆయనకు కొట్టిన పిండి. చిక్కంతా ఒప్పందంలో ఉంది. చివరి వాయిదా సర్టిఫికెట్‌తో ముడిపెడితే, ఆయన బాధ్యత కూడా ఆ రోజుతో తీరిపోతుంది. పైగా ఎలివేషన్ (బిల్డింగ్ బయటి రూపం) ఖరారయ్యాక పిలుస్తారు. అప్పటికి బిల్డింగ్ దిశ, గాజు విస్తీర్ణం మార్చలేరు కాబట్టి కుళాయిలు, పెయింట్లతో పాయింట్లు పోగేస్తారు.

గాజు సంగతే చూడండి. వాణిజ్య భవనాల ఇంధన పొదుపు కోడ్ ఈసీబీసీ 2017 ప్రకారం మన వాతావరణంలో ఉత్తరం తప్ప మిగతా వైపుల గాజుకి ఎస్‌హెచ్‌జీసీ (ఎండ వేడిలో ఎంత భాగం గాజు లోపలికి వదులుతుందో చెప్పే అంకె) 0.27 మించకూడదు. టెండర్‌లో ‘లేదా దానికి సమానమైనది’ అన్న ముక్క ఉంటే కొనుగోలు విభాగం అదే రంగులో 0.40 గాజు తెస్తుంది. కంటికి తేడా తెలియదు. పడమటి గదుల్లో ఏసీ చాలక, ఏసీకి వెళ్లే చల్లని నీటి ఉష్ణోగ్రత సెట్‌పాయింట్ తగ్గిస్తారు, ఆ నీటిని చల్లబరిచే చిల్లర్ ఎక్కువ కరెంటు తాగుతుంది. ఎస్‌హెచ్‌జీసీ పత్రం మీద కన్సల్టెంట్ సంతకం పడందే ఆర్డర్ వెళ్లకూడదని ఒప్పందంలో రాస్తే ఈ గొడవ ఉండదు. ఫీజు బిల్డరో ఆర్కిటెక్టో కాక యజమానే నేరుగా ఇవ్వాలి.

సొంత టీమ్‌తో ఏం సాధించవచ్చో హైదరాబాద్ దగ్గర పోచారం ఇన్ఫోసిస్ క్యాంపస్‌లో కనిపిస్తుంది. అక్కడ ఒక ఆఫీసు బిల్డింగ్‌ని రెండు సమాన భాగాలు చేసి, ఒకదానికి మెరుగైన వీఏవీ ఏసీ (అవసరాన్ని బట్టి చల్లగాలి మోతాదు మార్చేది), రెండోదానికి శ్లాబులోని పైపుల్లో చల్లని నీరు పారే రేడియంట్ పద్ధతి పెట్టారు. రెండేళ్ల కొలతల్లో రేడియంట్ వైపు ఏసీ కరెంటు సుమారు 34 శాతం తక్కువ. కట్టించేదీ, అందులో ఉండేదీ, బిల్లు కట్టేదీ ఒకరే అయినప్పుడే ఇలాంటి సాహసానికి అనుమతి దొరుకుతుంది. ఒక్క చిన్న బిల్డింగ్ కోసం టీమ్ పోషించడం దండగ. ఖర్చు, గడువు మాత్రమే చూసే ప్రాజెక్టు హెడ్ కింద పెడితే టీమ్ ఉన్నా లేనట్టే. నిర్వహణ ఖర్చు భరించే అధికారి కింద ఉండాలి.

డిజైన్, నిర్మాణం రెండూ ఒకే కాంట్రాక్టర్‌కి అప్పగించే డిజైన్-బిల్డ్‌లో ఆర్కిటెక్టు, ఏసీ వెండర్, ఎలక్ట్రికల్ వాళ్లు తిలాపాపం తలా పిడికెడు పంచుకునే వీలు తక్కువ. అయితే ‘ఎనర్జీ ఎఫిషియెంట్‌గా ఉండాలి’ అని మాత్రమే రాస్తే కాంట్రాక్టర్ సెన్సార్లు తగ్గించి లాభం చూసుకుంటాడు. అంకెలే రాయాలి: చదరపు మీటరుకు ఏడాదికి ఎన్ని యూనిట్లు, చిల్లర్ ప్లాంట్ మొత్తానికి టన్ను చల్లదనానికి ఎన్ని కిలోవాట్లు. వాటర్ కూల్డ్ (వేడిని నీటితో బయటికి పంపే) ప్లాంట్‌లో ఈ రెండో అంకె 0.75 దగ్గర ఉంటే మంచిది, 1 దాటితే లోపం ఎక్కడో వెతకాల్సిందే. హెడర్ (ప్రధాన నీటి పైపు) మీద ఫ్లో మీటర్, రాకపోక పైపులకు ఉష్ణోగ్రత సెన్సార్లు, ప్లాంట్‌కి విడి ఎనర్జీ మీటర్ లేకపోతే ఈ హామీ కాగితానికే పరిమితం.

ఏ పద్ధతిలోనైనా అప్పగింత దగ్గరే ఎక్కువ జారిపోతుంది. డిసెంబరులో సగం ఖాళీగా ఉన్న బిల్డింగ్‌లో చిల్లర్ అసలు లోడు చూడదు, కాబట్టి మేలో రెండోసారి కమిషనింగ్ (నడిపి చూసి సరిచేయడం) చేయించాలి. పంపు వేగాన్ని అవసరానికి తగ్గించే వీఎఫ్‌డీ ఒకసారి మొరాయిస్తే బైపాస్‌లో పెట్టి మరిచిపోతారు, పంపు ఏడాదంతా 50 హెర్ట్జ్‌లో, అంటే పూర్తి వేగంతో తిరుగుతుంది. మెయింటెనెన్స్ ఏజెన్సీని రెండు మూడు నెలల ముందే దింపి బీఎంఎస్ (బిల్డింగ్ యంత్రాలను నడిపే కంప్యూటర్ వ్యవస్థ) పాస్‌వర్డులు, యాజ్-బిల్ట్ (నిజంగా కట్టినదాన్ని చూపే) డ్రాయింగులు చేతికివ్వాలి. కాంట్రాక్టర్ బిల్లులో ఆపి ఉంచే రిటెన్షన్ డబ్బులో సగం 12 నెలల రీడింగులు చూశాకే వదలాలి.

ఆసుపత్రి, కాలేజీ, సొంత క్యాంపస్ అయితే సొంత ఇంజనీరు ఒకరు, పక్కన కన్సల్టెంట్: ఇదే మేలు. ఒక్క ఆఫీసు బిల్డింగ్‌కి, జనం చేరాక ఏడాది దాకా స్కోప్ ఉన్న కన్సల్టెంట్ చాలు. పెద్ద ప్లాంట్ ఉండి, అంకెలు రాయగల సలహాదారు చేతిలో ఉంటేనే డిజైన్-బిల్డ్. అమ్మకపు ఫ్లాట్లలో ఖర్చు బిల్డర్‌ది, బిల్లు కొన్నవాళ్లది కనుక ఈ మూడూ అంతంతమాత్రమే. అక్కడ అసోసియేషనే అప్పగింతకు ముందు ఎస్‌టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంట్) నీటి పరీక్షలు, ఫ్లష్ లైన్ మీటరు, పంపుల వివరాలు, సోలార్ ఇన్వర్టర్ లాగిన్ అడిగి తీసుకోవాలి.