62,000 కిలోమీటర్లు, మూడు చైన్లు

నాది 150 సీసీ బండి. విత్తనాల కంపెనీలో ఫీల్డ్ ఉద్యోగం, ఉండేది తెనాలి. రోజూ గుంటూరు రోడ్డు మీద కొంత, కాలవ కట్టల మీద కొంత తిరుగుడు. వానాకాలం నల్లరేగడి బురద, కోతలప్పుడు గడ్డీ ఊకా దుమ్మూ. మీటరు 62,000 దాటింది. బండితో వచ్చిన చైన్ 27,000 నడిచింది, రెండోది 11,000కే పోయింది, మూడోది 24,000 దగ్గర ఇంకా నడుస్తోంది. ఈ మూడో దాని గురించే రాద్దామని కూర్చున్నా గానీ, రెండోది ఎందుకు పోయిందో చెప్పకుండా దీన్ని పొగిడితే లాభం లేదు.

అసలు మొదటి చైన్ అరిగిందని నాకు తెలియనే లేదు. మూడో గేర్లో, ముప్పై నలభై స్పీడులో ఎక్స్‌లేటర్ వదిలి మళ్ళీ ఇస్తే బండి ఒక్క కుదుపు కుదిపేది. స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు కింద టక్కుమని చప్పుడు. చూపిస్తే ఒకాయన క్లచ్ ప్లేట్లన్నాడు. వేయించాను. 1,400 పోయాయి, కుదుపు మాత్రం పోలేదు. క్లచ్ జారితే ఇంజిన్ మోత పెరుగుతుంది, బండి అందుకోదు, అంతే. చైన్ స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ళ చక్రం) పన్ను దాటితే మాత్రం ఫుట్‌రెస్ట్ కింద ఎవరో సుత్తితో కొట్టినట్టుంటుంది. ఈ తేడా ముందే తెలిసుంటే ఆ డబ్బుకి చైన్ సెట్టే వచ్చేది.

చివరికి జబ్బు పట్టుకున్నది ఇంట్లోనే, ఒక ఆదివారం. డబుల్ స్టాండ్ వేసి, న్యూట్రల్ చేసి, వెనక చక్రం చేత్తో మెల్లగా తిప్పుతూ కింది చైన్‌ని వేలితో పైకి కిందికీ ఆడించి చూశాను. ఒకచోట బట్టలారేసే దండెంలా వేలాడుతోంది. ఇంకో అర చుట్టు తిప్పేసరికి కర్రలా బిగుసుకుపోయింది. అంటే చైన్ అంతటా ఒకేలా అరగలేదన్నమాట. నేను చేస్తూ వచ్చిన తప్పు కూడా అప్పుడే అర్థమైంది: ఎప్పుడూ లూజుగా ఉన్నచోట చూసి టైట్ చేయిస్తున్నాను. దాంతో బిగుతుగా ఉండే చోట ఇంకా బిగిసి గేర్‌బాక్స్ షాఫ్ట్ బేరింగ్ మీద భారం పడుతుంది. బాగా బిగుసుకున్న చోటు వెతికి, అక్కడే ఆట, అంటే చైన్ పైకి కిందికీ ఎంత ఆడుతోందో చూసుకోవాలి. నా బండికి 25 నుంచి 35 మిల్లీమీటర్లు ఉండాలని చైన్ పక్కన స్టిక్కర్ మీదే ఉంది. మూడేళ్ళు దాని మీద బురద కడిగాను గానీ చదవలేదు.

ఇంకో పరీక్ష ఉంది. వెనక స్ప్రాకెట్‌కి బాగా వెనకవైపు, అంటే నంబర్ ప్లేటు వైపు ఉన్నచోట, చైన్‌ని రెండు వేళ్ళతో పట్టి వెనక్కి లాగండి. కొత్తదైతే కదలదు. నాది సగం పన్ను పైకి లేచి అవతలి వెలుతురు కనపడింది.

చైన్ సాగింది అంటాం గానీ ఇనప పట్టీలు సాగవు. లోపల పిన్నూ, దాని చుట్టూ ఉండే బుష్షూ ఒరుసుకుని అరుగుతాయి. ఒక్కో లింకులో పదో వంతు మిల్లీమీటరు అరిగినా 120 లింకులకు 12 మిల్లీమీటర్లు. దీన్ని కొలవడానికి మెకానిక్ అక్కర్లేదు. నా బండికి 428 చైన్. ముందున్న ఆ 4 అంటే అంగుళంలో ఎనిమిదో వంతులు నాలుగు, అంటే పిన్నుకీ పిన్నుకీ మధ్య అర అంగుళం. కాబట్టి చైన్ బిగలాగి ఇరవై లింకులు, అంటే మొదటి పిన్ను నుంచి ఇరవై ఒకటో పిన్ను దాకా టేపు పెడితే సరిగ్గా పది అంగుళాలు, 254 మిల్లీమీటర్లు రావాలి. 259 వస్తే ఆ చైన్ పని అయిపోయినట్టే. నాది 260 దాటింది.

ఇక్కడే పొరపాటు చేశాను. మా వీధి చివర మెకానిక్‌ని, "చైన్ ఒక్కటి మారిస్తే చాలదా అన్నా?" అని అడిగాను. వెనక స్ప్రాకెట్ పైకి బాగానే కనిపించింది మరి. ఆయన, "పాత పళ్ళ మీద కొత్త చైన్ ఎక్కిస్తే ఏడాది తిరక్కుండా మళ్ళీ నా దగ్గరికే వస్తావు. నాకేం, మంచిదేగా" అన్నాడు. పిసినారితనం కొద్దీ చైన్ ఒక్కటే వేయించుకున్నాను. సరిగ్గా పదకొండు నెలలకు, 11,000 దగ్గర, మళ్ళీ అదే టక్కు.

ఈసారి ఆయన ముందు స్ప్రాకెట్ మూత విప్పాడు. ఆ మూత కింద ఏముందో నేను అప్పటిదాకా చూడలేదు, సర్వీసుల్లో ఎవరూ విప్పినట్టు లేరు. గ్రీజూ బురదా ఊకా కలిసి ఎండి, మూకుడు అడుగున మాడినట్టు గట్టిగా పట్టేసి ఉంది. స్క్రూడ్రైవర్‌తో గీకితే పెళ్ళలు పెళ్ళలుగా ఊడింది. అది పోయాక బయటపడ్డాయి పళ్ళు: పులిగోళ్ళలా సన్నబడి, అన్నీ ఒకేవైపుకి వంగి ఉన్నాయి. నా బండికి ముందు 14 పళ్ళు, వెనక 42. వెనక చక్రం ఒకసారి తిరిగేలోపు ముందుది మూడుసార్లు తిరుగుతుంది, అంటే ముందు పన్ను ఒక్కోటి మూడు రెట్లు ఎక్కువ దెబ్బలు తింటుంది. మనమేమో రోజూ కళ్ళకు కనపడే వెనకదాన్ని చూసి బాగుందనుకుంటాం. ఆ వంగిన పళ్ళే కొత్త చైన్‌ని తిన్నాయి.

మూడోసారి ఇక సెట్టే తీసుకున్నాను: చైన్, రెండు స్ప్రాకెట్లు. మా వైపు స్పేర్ షాపులో అడగ్గానే బల్లమీదికి వచ్చేవి రోలాన్, డైమండ్. మొదటిది కోయంబత్తూరుది, రెండోది చెన్నై మురుగప్ప గ్రూపుది. నేను ఏది వేయించానో చెప్పను, ప్రచారంలా ఉంటుంది. కంపెనీ కంటే రకం ముఖ్యం. నేను ఓ-రింగ్ చైన్ తీసుకున్నాను. పిన్నుకీ బుష్షుకీ మధ్య గ్రీజు ఫ్యాక్టరీలోనే పెట్టి, అది బయటికి పోకుండా, దుమ్ము లోపలికి రాకుండా పట్టీల మధ్య చిన్న రబ్బరు రింగులు వేస్తారు. సెట్టు నాకు 2,100 పడింది, మామూలుదైతే 1,300లో అయ్యేది. తెనాలిలో దొరక్క గుంటూరు వెళ్ళాను.

బిగించేటప్పుడు పక్కనే కూర్చున్నాను. పాత చైన్ ఉండగానే, నన్ను వెనక బ్రేకు తొక్కి పట్టమని ముందు స్ప్రాకెట్ బోల్టులు వదులు చేశాడు. చైన్ తీసేశాక అయితే స్ప్రాకెట్ గిర్రున తిరుగుతుంది, పానా పట్టదు. వెనక చక్రం విప్పినప్పుడు డ్రమ్ రబ్బర్లు (స్ప్రాకెట్‌కీ చక్రానికీ మధ్య కుదుపు ఆపే రబ్బరు ముక్కలు) నలిగిపోయి ఉంటే అవీ వేయించాను. చక్రం ఎలాగూ బయటికొచ్చింది, ఈ ఖర్చుకి వెనకాడొద్దు. చైన్ రెండు కొసల్ని కలిపే లాక్ క్లిప్పు మూసి ఉన్న కొస చైన్ నడిచే దిక్కుకి ఉండాలి. తిరగేసి పెడితే దేనికైనా తగిలి ఊడుతుంది. ఓ-రింగ్ చైన్ లాకుతో నాలుగు చిన్న రింగులు వస్తాయి, పొట్లంలోనే మర్చిపోతారు. నేను అడిగి వేయించాను.

మొదటి వారం బండి తోస్తే కాస్త బరువుగా అనిపించింది, రింగుల పట్టు అది. తర్వాత పోయింది. మైలేజీ పెరగలేదు, తగ్గలేదు. 500 కిలోమీటర్ల దగ్గర ఒకసారి టైట్ చేయించాల్సి వచ్చింది. ఆ తర్వాత మూడు, నాలుగు వేలకోసారి మరలు కొంచెం తిప్పితే చాలింది. పాత చైన్‌కి వెయ్యికోసారి తిప్పేవాణ్ణి. నేను మెచ్చుకునేది ఈ ఒక్క సంగతినే.

నూనె గోల మాత్రం తప్పలేదు. రింగుల లోపల గ్రీజున్నా బయట రోలర్లకీ పళ్ళకీ నూనె కావాలి, లేకపోతే పట్టీలు తుప్పు పడతాయి. రెండు డబ్బాలు స్ప్రే వాడి మానేశాను. అది జిగురు, మా కట్టల మీద దుమ్మంతా దానికే అంటుకుంటుంది. 500కోసారి కిరసనాయిలు గుడ్డతో తుడిచి, 90 నంబరు గేర్ ఆయిల్ సిరంజితో కింది చైన్ లోపలివైపు చుక్కలు చుక్కలుగా వేసి, రాత్రంతా వదిలేసి, పొద్దున మళ్ళీ తుడుస్తాను. తుడవకపోతే ఏమవుతుందో మా ఆవిడ చీర అంచు చెబుతుంది. పెట్రోలూ వైరు బ్రష్షూ ఓ-రింగులకి పనికిరావు. ఇంకోటి: ఇంజిన్ స్టార్ట్ చేసి గేర్లో పెట్టి చైన్ తుడవడం చాలామందికి అలవాటు. మా మెకానిక్ కుడి చూపుడు వేలికి కొస లేదు. నేను అడగలేదు, తనే చెప్పాడు.

ఈ పొద్దున కొలిస్తే ఇరవై లింకులు 255న్నర ఉన్నాయి. 24,000కి అది బాగున్నట్టే. కానీ లాకు దగ్గర్నుంచి లెక్కపెడుతూ వస్తే రెండుచోట్ల రింగు నలిగి బయటికి పొడుచుకొచ్చింది, అందులో ఒక లింకు వంచితే వంగినట్టే ఉండిపోతోంది. అక్కడ గ్రీజు పోయినట్టే, ఇక అరుగుదల ఆ లింకుల దగ్గరే మొదలవుతుంది. ముందు స్ప్రాకెట్ మూత మాత్రం రెండు సర్వీసులకోసారి విప్పిస్తున్నాను. పళ్ళు ఇంకా నిటారుగానే ఉన్నాయి. కోతలయ్యాక మళ్ళీ టేపు పెట్టి చూస్తాను.