విశాఖ గాలిలో ఫాండెంట్: రెండేళ్ల తర్వాత

ఆర్కే బీచ్‌లో కుర్సుర జలాంతర్గామిని చూసి వచ్చిన మా అబ్బాయి తన పుట్టినరోజుకు అలాంటి కేకే కావాలని పట్టుబట్టాడు. అలా మొదటిసారి ఫాండెంట్ ముట్టుకున్నాను, కేకు మీద పలచగా ఒత్తి కప్పే చక్కెర ముద్ద అది. అప్పుడు ఆ కేకు ఘోరంగా పాడైంది. రెండేళ్లుగా చేస్తూనే ఉన్నాను కనుక ఇప్పుడు నిదానంగా చెప్పగలను.

ఫాండెంట్ అంటే దాదాపు అంతా పొడి చక్కెరే. సాగడానికి గ్లూకోజ్ సిరప్, జెలటిన్, మెత్తదనానికి గ్లిజరిన్ కలుపుతారు. చక్కెర గాలిలో తేమను పీల్చుకుంటుంది. సముద్రం పక్కన కాపురం ఉంటూ ఈ సంగతి మరిచిపోవడమే నా మొదటి తప్పు. రెండోది, లోపల విప్పింగ్ క్రీమ్ రాసి, పైన ఫాండెంట్ కప్పి, కేకును ఫ్రిజ్‌లో పెట్టడం. సాయంత్రం బయటకు తీసిన పది నిమిషాలకే జలాంతర్గామి ఒళ్లంతా నీటి బొట్లు. తడిసిన చీర కుచ్చిళ్లలా ఫాండెంట్ అడుగుకు జారి ముడతలు పడింది. మా అత్తయ్యగారు చూసి, “కేకుకు చెమట పోసిందేమిటమ్మా!” అన్నారు. నల్లరంగు పిల్లల పెదవుల మీద మర్నాటి దాకా ఉంది.

ఇప్పుడు క్రీమ్ నేరుగా రాయను. రెండు వంతుల డార్క్ చాక్లెట్‌కు ఒక వంతు క్రీమ్ తూచి గనాష్ అనే చిక్కటి పూత చేసి రాస్తాను, రాత్రంతా గట్టిపడనిస్తాను. ఎనిమిదంగుళాల గుండ్రటి కేకుకు ముప్పావు కిలో ఫాండెంట్ పడుతుంది. బొబ్బట్ల పిండిలా చేతివేడికి లొంగేదాకా మర్దించి, మూడు మిల్లీమీటర్ల మందాన ఒత్తుతాను. అంటుకుంటుందని కార్న్‌ఫ్లోర్ ధారాళంగా చల్లితే ఏనుగు చర్మంలా పగుళ్లు వస్తాయి. అప్పుడు వేలికి కాస్త వనస్పతి రాసుకుని రుద్దితే చాలావరకు మానుతాయి. గాలిబుడగలు సూదితో పొడిస్తే పోతాయి. రంగులు జెల్‌వే కొనండి, నీళ్ల రంగులు జిగురు చేస్తాయి. నలుపు కావాలంటే తెల్లదానికి సీసాలకు సీసాలు పోయకుండా ముందు కోకో కలిపి గోధుమరంగుకు తెచ్చుకోండి.

బొమ్మలకైతే ఫాండెంట్‌ను మించింది లేదు. పావుకిలోకు ఒక చెంచా సీఎంసీ అనే తినదగ్గ జిగురు పొడి కలిపితే గట్టిగా నిలబడతాయి. ఎండాకాలం రెండు రోజుల్లో ఆరిపోయే పువ్వు, ఆగస్టులో ఐదు రోజులైనా నొక్కితే లొంగుతూనే ఉంటుంది.

రుచి గురించి మొహమాటం లేకుండా చెప్పాలంటే, తియ్యటి మైనం. పెద్దవాళ్లు ఒలిచి పళ్లెం అంచున పెట్టేస్తారు. జెలటిన్ జంతువుల నుంచి వస్తుంది కనుక శాకాహారుల ఇళ్లలో ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క చూసి కొనాలి. మా అత్తయ్యగారి కోసం నేను ఆ రకమే తెస్తాను, అయినా ఆవిడ గనాష్ వరకే తింటారు.

అందుకే కేకంతా కప్పడం మానేశాను. గనాష్ మీద బొమ్మలు మాత్రం పెడతాను. ఈ ఏడాది జలాంతర్గామి కరగలేదు. దాని పెరిస్కోపును మా అబ్బాయి షోకేసులో దాచుకున్నాడు, మొన్న చూస్తే చీమలు పట్టాయి.