నిప్పుల మీద వాఫిల్: పొడుగు పిడి పోత ఇనుము పెనం, కొన్నేళ్లు వాడాక

కట్టెల పొయ్యి మీద వాఫిల్స్, అంటే రెండు వైపులా గళ్లు పడే మందపాటి అట్లు, కాల్చుకోవడానికి పొడుగు పిడి ఉన్న పోత ఇనుము పెనం కొని కొన్నేళ్లయింది. మేముండేది తిరుపతిలో. పాకాల దాటాక మా మామగారి మామిడి తోట ఉంది, సెలవు దొరికితే అందరం అక్కడికే చేరతాం. కార్తీకంలో వనభోజనాలు, సంక్రాంతి సెలవులు, కాయ కోతలు అన్నీ అక్కడే. ఈ పెనాన్ని ఇంట్లో వాడింది చాలా తక్కువ. ఆరుబయట, పది మంది ఆకలితో చుట్టూ చేరినప్పుడు ఇది పనికొస్తుందా అన్నది మాత్రం గట్టిగా చెప్పగలను. పనికొస్తుంది. కాకపోతే పెనం కంటే ముందు నిప్పు సంగతి తెలియాలి. అమ్మేవాళ్లు ఆ మాట ఎక్కడా రాయరు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

చూడడానికి రెండు గుండ్రటి పలకలు, లోపల లోతైన గళ్లు. ఒక కొసన కీలు, ఇంకో కొసన రెండు ఇనుప ఊచలు, వాటి చివర చెక్క పిడులు. పిడులు రెండూ దగ్గరికి తెచ్చి ఒక చిన్న కొక్కెం తగిలిస్తే పెనం మూసుకుంటుంది. రెండున్నర కిలోల పైనే బరువు. ఒంటి చేత్తో తిప్పుతూ పోతే నాలుగో వాఫిల్‌కే మణికట్టు లాగుతుంది. పిల్లల చేతికి ఇవ్వదగింది కాదు.

వాఫిల్ అంటే ఇప్పటి పిల్లలకు ప్లగ్గు పెట్టే మెషీన్, లేకపోతే షాపులో చాక్లెట్ పోసి ఇచ్చేది. అసలు ఇది పొయ్యి దగ్గర పుట్టిన వంట. యూరప్‌లో మధ్యయుగాల నుంచే పొడుగు పిడి ఇనుప పలకల మధ్య పిండి పోసి మంట దగ్గర కాల్చేవాళ్లు. స్టవ్ మీదే ఉంచి తిరగేసుకునే రకానికి అమెరికాలో కార్నీలియస్ స్వార్ట్‌వౌట్ అనే ఆయన 1869 ఆగస్టు 24న పేటెంట్ తీసుకున్నాడు. అక్కడ ఇప్పటికీ ఆ తేదీని వాఫిల్ డే అంటారు. ఆ రెండో రకం మన దగ్గర ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, చదునైన గ్యాస్ స్టవ్‌కి బాగుంటుంది కూడా. మూడు రాళ్ల పొయ్యి మీద మాత్రం కుదురుగా కూర్చోదు, పిడి పొట్టి కాబట్టి చెయ్యి సెగలోకి వెళ్తుంది. ఆరుబయట వంటకు పొడుగు పిడి రకమే కొనండి.

నాన్‌స్టిక్ పూత ఉన్న తేలికపాటి అల్యూమినియం పెనాలు కూడా క్యాంపింగ్ పేరుతో అమ్ముతున్నారు. నేను వాటి జోలికి పోలేదు. నాన్‌స్టిక్ పూత సుమారు 260 డిగ్రీల సెల్సియస్ దాటితే చెడిపోవడం మొదలవుతుంది. గాలి తగిలి ఎర్రగా కణకణలాడే బొగ్గుల వేడి దానికి రెండింతల పైమాటే. గ్యాస్ మీద సిమ్‌లో పెట్టుకున్నట్టు నిప్పుల్ని సిమ్‌లో పెట్టలేం. పోత ఇనుముకి ఆ భయం లేదు. నెమ్మదిగా వేడెక్కుతుంది, ఎక్కిన వేడిని వదలదు. చల్లటి పిండి పోసినా పలక చల్లారిపోదు కాబట్టి పైపొర వెంటనే బిగుస్తుంది, వాఫిల్ కరకరలాడడానికి అదే కారణం.

అయితే ఇనుముతో ఇంకో చిక్కుంది. అల్యూమినియంతో పోలిస్తే పోత ఇనుములో వేడి పాకే వేగం నాలుగో వంతు కూడా ఉండదు. పలకకు ఒక మూల మంట గట్టిగా తగిలితే ఆ మూల మాడుతుంది, పక్క మూల పచ్చిగానే ఉంటుంది. ఈ పెనం మీద నేను చదివిన ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం దీని గురించే: "సగం నల్లగా, సగం తెల్లగా వస్తోంది" అని. అది పెనం లోపం కాదు, మంట మీద పెట్టడం వల్ల వచ్చేది. దీన్ని మంట మీద పెట్టకూడదు. మంట తగ్గి, కట్టె నిప్పుగా మారి, పైన పలచటి బూడిద పట్టాక ఆ నిప్పుల మీద పెట్టాలి.

అందుకని పొయ్యిని రెండు భాగాలు చేసుకుంటాం. ఇటుకలు పొడుగ్గా రెండు వరుసలు పేర్చి, ఒక కొసన కట్టెలు మండిస్తాం. అక్కడ తయారైన నిప్పుల్ని చిన్న పారతో రెండో కొసకు లాగి, సమంగా పరుస్తాం. నిప్పులకు నాలుగైదు అంగుళాల ఎత్తులో పెనం ఉండేలా ఇటుకల మీద రెండు ఇనుప ఊచలు అడ్డం వేస్తాం. మంట ఒక పక్క ఆగకుండా మండుతుంటే, వాఫిల్ పక్కకు నిప్పు అందుతూనే ఉంటుంది. మంట పక్కన సంగటికి ఎసరు పెట్టుకోవచ్చు, కోడికూర ఉడికించుకోవచ్చు. ఒకే పొయ్యి అందరికీ సరిపోతుంది.

ఏ కట్టె అన్నది చాలా ముఖ్యం. మా అనుభవంలో చింత కట్టెను మించింది లేదు. రగలడానికి టైమ్ తీసుకుంటుంది గానీ నిప్పు గట్టిగా, ఎక్కువసేపు ఉంటుంది. సర్కారు తుమ్మ కూడా అంతే, మన వైపు ఎక్కడబడితే అక్కడ దొరుకుతుంది. కోతలయ్యాక కొట్టేసిన మామిడి కొమ్మలు తోటలో గుట్టలుగా ఉంటాయి, బాగా ఎండితే ఫర్వాలేదు, పచ్చిగా ఉంటే పొగ తప్ప ఏమీ రాదు. టెంకాయ చిప్పలు చురుగ్గా అంటుకుని మంచి నిప్పునిస్తాయి, కానీ తొందరగా బూడిదవుతాయి. నిప్పు తగ్గినప్పుడు నాలుగు చిప్పలు వేసి పైకి లేపుకోవడానికి అవి బాగుంటాయి. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్ ముక్కలు వద్దు. గన్నేరు కట్టె అసలే వద్దు, ఆ చెట్టంతా విషమే, దాని పొగ కూడా మంచిది కాదు. తోట గట్ల మీద గన్నేరు ఉంటే కట్టెలు ఏరుకొచ్చే పిల్లలకు ముందే చెప్పి పంపాలి.

వేడి చూసుకోవడానికి అరచెయ్యి పెనం ఉండే ఎత్తులో పెడతాను. నాలుగైదు అంకెలు లెక్కపెట్టేలోగా చెయ్యి తీసేయాలనిపిస్తే అది సరైన వేడి. రెండు అంకెలకే తీసేయాల్సి వస్తే నిప్పులు కాస్త చెదరగొట్టాలి. తర్వాత ఖాళీ పెనాన్ని మూసి, ఒక్కో వైపు నాలుగైదు నిమిషాలు కాగనివ్వాలి. తెరిచి నీటిచుక్క చిలకరిస్తే అది చుయ్యిమని ఇంకిపోకుండా గోళీలా ఉరుకుతూ తిరగాలి. అప్పుడు నూనె రాసి పిండి పోయాలి. మూసిన వెంటనే ఒకసారి తిరగేయాలి. ఇది మరిచిపోతే పైపలక గళ్లలోకి పిండి ఎక్కదు, వాఫిల్ ఒక వైపే గళ్లతో వస్తుంది. ఆ తర్వాత ఒక్కో వైపు రెండు మూడు నిమిషాలు. పక్కల నుంచి ఆవిరి బాగా వస్తున్నంతసేపు తెరవకూడదు, తెరిస్తే వాఫిల్ రెండు పొరలుగా చీలి పై సగం పైపలకకు, కింది సగం కిందిపలకకు అంటుకుపోతుంది. ఆవిరి తగ్గి, కాలిన వెన్న వాసన వచ్చాక తెరవండి. దానంతట అదే ఊడి వస్తుంది.

పిండి విషయంలో ఇంటర్నెట్‌లో దొరికే కొలతలు చాలావరకు కరెంటు మెషీన్ల కోసం రాసినవి, వాటిలో చక్కెర ఎక్కువ. నిప్పుల మీద ఆ చక్కెర ముందు మాడుతుంది, తర్వాత గళ్లకు అతుక్కుంటుంది. పిండిలో తీపి దాదాపు లేకుండా చేసి, తీపి పైన పోసుకోవడమే మేలు. చిత్తూరు బెల్లం దొరికే చోట ఉన్నాం, మేపుల్ సిరప్ వెతుక్కోవాల్సిన పని లేదు. బెల్లం పాకంలో ఏలకులు, కొంచెం శొంఠి వేసి గోరువెచ్చగా ఉంచితే ఆ గళ్లు అందుకోసమే ఉన్నాయేమో అనిపిస్తుంది.

మా ఇంట్లో స్థిరపడిన కొలత ఇది. ఒక గ్లాసు రాగిపిండి, ఒక గ్లాసు గోధుమపిండి, రెండు చెంచాల బియ్యప్పిండి, రెండు గుడ్లు, గ్లాసున్నర పుల్లటి మజ్జిగ, నాలుగు చెంచాల కరిగిన వెన్న, ఉప్పు, అర చెంచా వంటసోడా. రాగిపిండి ఒక్కటే వేస్తే జిగురు ఉండదు కాబట్టి ముక్కలైపోతుంది, గోధుమపిండి దాన్ని పట్టి ఉంచుతుంది. బియ్యప్పిండి కరకర కోసం. పుల్లటి మజ్జిగకు సోడా కలిస్తే పొంగుతుంది, అందుకే సోడా చివర్లో, పెనం కాగాకే కలపాలి. గుడ్డు తినని వాళ్లకు ఇంకో చెంచా వెన్న, ఇంకొంచెం గోధుమపిండి వేసి చేస్తాను. కొంచెం గట్టిగా వస్తుంది, అయినా బాగుంటుంది. పిండి దోసెపిండి కంటే చిక్కగా, ఇడ్లీపిండిలా జారాలి.

ఇక మా అందరికీ నచ్చింది ఉప్పటి రకం. పులిసిన దోసెపిండిలో ఉల్లిపాయ, పచ్చిమిర్చి, కొత్తిమీర, కాస్త శనగపప్పు వేసి, గుంత పొంగణాల పిండి కలిపినట్టే కలిపి పోస్తాం. ఇది తీపి వాఫిల్ కంటే ఎక్కువగా అంటుకుంటుంది, నూనె ధారాళంగా కావాలి, కాలడానికి ఇంకో రెండు నిమిషాలు పడుతుంది. కానీ పైన గళ్లన్నీ కరకరగా, లోపల పొంగణంలా మెత్తగా వస్తుంది. ఊరిబిండి పచ్చడితో తింటే దీన్ని వదిలి చాక్లెట్ వాఫిల్ అడిగిన పిల్లల్ని నేను చూడలేదు.

అంటుకోకుండా ఉండాలంటే పెనాన్ని సాకాలి. కొత్త పెనం మీద ఫ్యాక్టరీలో వేసిన నూనె పూత పలచగా ఉంటుంది. దాన్ని నమ్ముకోవద్దు. మా అత్తకు గుంత పొంగణాల పెనంతో జీవితకాలం అలవాటు. దీన్ని చూడగానే ఆమె "నూనె తాపల్లమ్మా దీనికి, అప్పుడు గానీ మన మాట వినదు" అన్నది. పద్ధతి ఆమెదే. కడిగి, నిప్పుల మీద పూర్తిగా ఆరబెట్టి, వేడిగా ఉన్నప్పుడే శనగనూనె గుడ్డతో గళ్లగళ్లకూ రాసి, మళ్లీ పొడి గుడ్డతో తుడిచేసి, పొగ వచ్చేదాకా కాచాలి. నూనె పొర ఎంత పలచగా ఉంటే అంత గట్టిగా ఇనుముకు పట్టుకుని నల్లటి పూతగా మారుతుంది. మందంగా రాస్తే బంకబంకగా మిగిలిపోతుంది. ఇలా నాలుగైదు సార్లు చేస్తే చాలు. నూనె రాయడానికి సగానికి కోసిన ఉల్లిగడ్డ వాడడం మన దోసెల పద్ధతే, కానీ ఈ లోతైన గళ్లలోకి అది పోదు. శుభ్రమైన నూలుగుడ్డ కర్రకు చుట్టుకోండి, లేదా వేడికి కరగని కుంచె వాడండి.

వాడాక సబ్బు నీళ్లలో నానబెట్టొద్దు. వేడిగా ఉన్నప్పుడు గట్టి బ్రష్‌తో రుద్ది, నూనె చెయ్యి పూసి పెట్టండి. కాగిన పెనం మీద చన్నీళ్లు పోయడం అన్నిటికంటే ప్రమాదం, పోత ఇనుము పగిలిపోతుంది. మన దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు గట్టిగా పడతాయి. ఆ నెలల్లో పలకల మధ్య న్యూస్‌పేపర్ పెట్టి, మూయకుండా సందుగా ఉంచితే తుప్పు పట్టడం లేదు.

లోపాలు లేకపోలేదు. పెద్దది, ఒకసారికి ఒకటే వస్తుంది. ఒక్కోదానికి ఐదారు నిమిషాలు, అంటే పది మందికి తలా ఒకటి అందడానికి గంట. మా మరిది ప్రతిసారీ "వదినా, నా వంతు ఎప్పుడు వస్తాది?" అని అడుగుతూనే ఉంటాడు. ఇదే భోజనం అనుకుంటే ఆకలికి ఆగలేరు. సంగటి, కూర పొయ్యి మీద ఉడికేలోగా తలా ఒక ముక్క తినడానికైతే సరిగ్గా సరిపోతుంది. కాలినవి ఒకదాని మీద ఒకటి పేర్చొద్దు, ఆవిరికి మెత్తబడతాయి. వెదురు తట్టలో పక్కపక్కన పెట్టండి.

రెండోది కీలు. వాడగా వాడగా నా పెనం కీలు పిన్ను వదులై, పలకలు ఒక పక్క సరిగ్గా మూసుకోకుండా పోయాయి. పిండి కారి నిప్పుల్లో పడి ఒకటే పొగ. లేత్ షాపులో కొత్త పిన్ను వేయించాక మళ్లీ ఇబ్బంది రాలేదు. చెక్క పిడి స్క్రూలు కూడా సెగకు వదులవుతాయి, వెంట ఒక స్క్రూడ్రైవర్ ఉంచుకోవాలి. పిడి పొడుగ్గా ఉన్నా ఊచలు కాలుతాయి, మందపాటి గుడ్డ లేకుండా ముట్టుకోవద్దు.

ఇది కొన్నామని తలకోన జలపాతానికో కైలాసకోన జలపాతానికో పట్టుకెళ్లి అక్కడ పొయ్యి వెలిగించే ఆలోచన మాత్రం పెట్టుకోకండి. తలకోన శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు పరిధిలోది. అడవిలో నిప్పు పెట్టడం చట్టరీత్యా నేరం. 2014 మార్చిలో శేషాచలం కొండలు అంటుకున్నప్పుడు ఆర్పడానికి వైమానిక దళం హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. ఆ మంటలు తిరుపతి వాళ్లెవరూ మరిచిపోలేదు. సొంత తోటలో అయినా మేం మామిడి ఆకులు పూర్తిగా ఊడ్చి, చెట్ల నీడకు దూరంగా, గాలికి అడ్డం పెట్టుకుని పొయ్యి వేస్తాం. రెండు బిందెల నీళ్లు పక్కనే ఉంటాయి. ఎండాకాలం మధ్యాహ్నాలు, గాలి ఎక్కువున్న రోజులు అసలు వెలిగించం. వెళ్లే ముందు నీళ్లు పోసి, కలిపి, మళ్లీ పోసి, చేత్తో తాకి చల్లగా ఉంటేనే కదులుతాం.

ఫ్లాట్‌లో ఉండి, ఏడాదికి ఒకసారి బయట వంట చేసేవాళ్లకు నేను దీన్ని సిఫార్సు చేయను. కరెంటు మెషీన్ సుఖం, వేడి దానంతట అదే చూసుకుంటుంది. తోటో పొలమో ఉండి, పొయ్యి దగ్గర కూర్చోవడం ఇష్టమైనవాళ్లు నిశ్చింతగా కొనొచ్చు.

కొనేటప్పుడు మూడు సంగతులు చూడండి. పెనం మూసి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే పలకల మధ్య ఎక్కడా పెద్ద సందు కనబడకూడదు. కీలు పిన్ను ఊడదీసి మార్చుకోగలిగేదై ఉండాలి, వెల్డింగ్ చేసేసింది తీసుకోవద్దు. పిడి మోచేతి నుంచి వేళ్ల కొసల దాకా ఉన్న పొడుగు కంటే తక్కువుంటే అది నిప్పుల మీదకు పనికిరాదు.