గుంటూరు కారం మిల్లుల వాళ్లూ, ఆ ఆటోనగర్ బ్యాగ్ ఫిల్టర్ ఆయనతో జాగ్రత్త

విజయవాడ ఆటోనగర్‌లో దుమ్ము పట్టే యూనిట్లు తయారు చేసే ఆయన ఎవరో మిల్లుల వాళ్లకు చెప్పనక్కరలేదు. పేరు రాయను. బ్యాగ్ ఫిల్టర్ (గాలిని గుడ్డ సంచుల గుండా లాగి పొడిని ఆపే యూనిట్) చేయడం కంటే లాయరు నోటీసులు పంపడం ఆయనకు బాగా వచ్చు.

ఏటుకూరు రోడ్డు వైపు మాది కారం మిల్లు. ఎర్ర పొడి ఇళ్లలోకి వస్తోందని పక్క కాలనీ వాళ్లు ఫిర్యాదు చేశారు, కాలుష్య నియంత్రణ మండలి నోటీసు ఇచ్చింది, ఓనరు గారు పని నా నెత్తిన పెట్టారు. మిర్చి యార్డుకు వేసవి సెలవులు రాగానే మిల్లు ఆపి బిగించుకోవాలని అనుకున్నాం. వచ్చిన కొటేషన్లలో ఈయనదే తక్కువ. గ్యారంటీ కాగితం మీద పెట్టండి అంటే, "మన మధ్య కాగితాలెందుకండీ" అన్నాడు. ఆహా, ఎంత ఆత్మీయత! నేనూ కరిగిపోయాను.

డ్రాయింగు మాత్రం ముచ్చటగా ఉంది. గంటకు 9,000 ఘనపు మీటర్ల గాలి. 150 మిల్లీమీటర్ల వ్యాసం, 3 మీటర్ల పొడవు ఉన్న బ్యాగులు 64. అంటే సుమారు 90 చదరపు మీటర్ల గుడ్డ. ఒక్కో చదరపు మీటరు గుండా నిమిషానికి 1.7 ఘనపు మీటర్ల లోపే గాలి వెళ్లాలి. కారంలో నూనె ఉంటుంది కదా, గుడ్డ తక్కువై గాలి జోరు పెరిగితే పొడి నేతలోకి దిగి కూర్చుంటుంది. ఆ తర్వాత కంప్రెసర్ గాలి ఎంత కొట్టినా రాలదు. అందుకే నూనె అంటని పూత ఉన్న గుడ్డ, కంప్రెసర్ గాలిలో తేమ తీసే డ్రైయర్ ఆర్డరులో ప్రత్యేకంగా రాయించాను.

మొదట్లో బాగానే నడిచింది. తర్వాత గ్రైండర్ల మీది హుడ్‌లు పొడిని లాగడం మానేశాయి. షెడ్డులో పనివాళ్లకు ఒకటే తుమ్ములు, కళ్ల వెంట నీళ్లు. ఫోన్ చేస్తే ఆయన జవాబు: "కారం మిల్లులో తుమ్ములు కాక మల్లెపూల వాసన వస్తుందా?"

బతిమాలగా బతిమాలగా వచ్చాడు. నేరుగా ప్యానెల్ దగ్గరికి వెళ్లి, బ్యాగులకు అటూ ఇటూ ఒత్తిడి తేడా చూపించే గేజ్ మీద వేలు పెట్టాడు. ముల్లు 80 మిల్లీమీటర్ల (నీటిమట్టం లెక్కలో) దగ్గర ఉంది. "చూశారా, 100 లోపే ఉంది. మేనేజరు గారూ, మీరు జమాఖర్చులు చూసుకోండి, గాలి సంగతి నాకు వదిలేయండి" అన్నాడు. పనివాళ్లందరి ముందు, అందరికీ వినపడేలా. వాళ్లలో ఇద్దరు నవ్వారు కూడా.

సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. ఫ్యాన్ తిరిగి తిరిగి ఆగిపోయింది. ముల్లు మాత్రం 80 దగ్గరే ఉంది! గాలే ఆడనప్పుడు ఒత్తిడి తేడా ఎక్కడిది? గేజ్ వెనక చేయి పెట్టి చూశాను. బ్యాగుల గదికి వెళ్లాల్సిన సన్న గొట్టం జానెడు పొడవుకే ఆగిపోయింది. అందులోకి గాలి ఊది, కొస మెలిపెట్టి, ఇనుప తీగతో బిగించారు. తీగ విప్పాను. ముల్లు ఒక్కసారిగా సున్నాకు పడింది. ఆయన కనీసం తల దించుకోలేదు. "కుర్రాళ్లు టెస్టింగ్ కోసం కట్టి మరిచిపోయి ఉంటారండీ" అన్నాడు. ఇక ఎవరూ నవ్వలేదు.

ఆయన కారెక్కాక పైమూత తెరిపించాను. బ్యాగులు వేలాడదీసే 64 రంధ్రాల్లో 16 రంధ్రాలకు రేకు బిళ్లలు పెట్టి బోల్టులు బిగించి ఉన్నాయి. మిగిలినవి 48 బ్యాగులు, అవీ 2.4 మీటర్లవే. గుణించి చూడండి, 54 చదరపు మీటర్లు కూడా సరిగ్గా ఉంటే ఉంటాయి. డబ్బు 90కి, గుడ్డ 54కి. పూత సంగతి సరే సరి, మామూలు పాలిస్టర్. ఒక బ్యాగు పైకి లాగితే జిడ్డుపట్టి అట్టలా నిలబడింది. డ్రైయర్ బిల్లులో ఉంది, షెడ్డులో లేదు. ఎర్తింగ్ తీగను పెయింటు గీకకుండా దాని మీదే బిగించారు, ఇక గుడ్డ మీద పేరుకునే స్థిర విద్యుత్తు నేలలోకి ఎలా పోతుంది? గాలిలో దట్టంగా లేచిన కారం పొడికి చిన్న నిప్పురవ్వ చాలని ఆయనకు తెలియదా? ఇది మోసం కాదు, మనుషుల ప్రాణాలతో ఆట.

90 శాతం డబ్బు ఎప్పుడో ఇచ్చేశాం. మిగతా 10 శాతం పంపితేనే మళ్లీ వస్తానని మెసేజ్ పెట్టాడు. పాపం, ఆయనకూ ఖర్చులుంటాయి.

కొత్తగా బిగించుకునేవాళ్లు ఆర్డరులో గుడ్డ ఎన్ని చదరపు మీటర్లో రాయించండి. ఫ్యాన్ ఆపించి గేజ్ సున్నాకు వస్తుందో లేదో చూడండి, మూత తీయించి బ్యాగులు మీరే లెక్కపెట్టండి. గుర్తింపు ఉన్న ల్యాబ్‌తో చిమ్నీ గాలిలో ధూళి కొలిపించాకే ఆఖరి వాయిదా ఇవ్వండి. ధూళికి సాధారణ పరిమితి ఘనపు మీటరుకు 150 మిల్లీగ్రాములు, మీ అనుమతి పత్రంలో అంతకంటే తక్కువ రాసి ఉంటే అదే లెక్క. ఈయన దగ్గర ఇప్పటికే కొన్నవాళ్లు ఈ రోజే మూత తీయించి చూసి, ఎన్ని రేకు బిళ్లలు కనపడ్డాయో కింద రాయండి. నలుగురం కలిస్తే కోర్టా, పోలీసు స్టేషనా అన్నది తేల్చుకుందాం.