తల గీయడానికి గళ్ళా, గుండ్రమా: ఏది మేలు?

పోర్ట్రెయిట్‌లు గీయడం మొదలుపెట్టినవాళ్ళు అటు తిప్పి ఇటు తిప్పి నన్ను అడిగేది ఒకటే. ఫొటో మీదా కాగితం మీదా గళ్ళు వేసుకుని ఒక్కో గడినీ దించాలా, లేక లూమిస్ పద్ధతిలో గుండ్రంతో మొదలుపెట్టి తలను కట్టుకుంటూ రావాలా? కళ్ళు తల ఎత్తులో సగానికి వస్తాయనీ, ఎదురుగా చూస్తే తల వెడల్పు ఐదు కళ్ళంత ఉంటుందనీ వీళ్ళందరికీ తెలుసు. అయినా బొమ్మ తేడా కొడుతుంది. ఎప్పుడంటే, ఎక్కువగా తల కాస్త పక్కకు తిరిగినప్పుడో, పైకెత్తినప్పుడో. అందుకే ఏ పద్ధతినైనా నేను చూసేది ఒక్కటే: తల కదిలితే ఇది నిలబడుతుందా?

గళ్ళను చిన్నచూపు చూసేవాళ్ళతో నాకు పేచీ ఉంది. చిన్న స్కెచ్‌ను గోడంత బొమ్మగా పెంచడానికి చిత్రకారులు శతాబ్దాలుగా వాడిన పద్ధతి అది. పైగా, కన్ను అనగానే ఓ బాదంగింజ ఆకారం గీసేసే అలవాటును మాన్పిస్తుంది. గడిలో కనిపించేది కన్ను కాదు, ఒక వంపు, ఒక నల్లటి మూల, అంతే. ఉన్నది ఉన్నట్టు దించితే పోలిక కూడా వచ్చేస్తుంది. ఎవరికో ఫలానా రోజుకల్లా బొమ్మ ఇవ్వాలి, ఫొటో బాగుంది అంటే గళ్ళే వేసుకోండి, మొహమాటం వద్దు.

చిక్కంతా ఆ 'ఫొటో బాగుంటే' దగ్గరే. ఫోన్‌ను మొహానికి దగ్గరగా పెట్టి తీసిన సెల్ఫీలో ముక్కు ఉబ్బుతుంది, చెవులు చిన్నబోయి వెనక్కి నక్కుతాయి. ఫొటోలో దాన్ని ఎవరూ పట్టించుకోరు. అదే కొలత పెన్సిల్ బొమ్మలో కనిపిస్తే మాత్రం 'ముక్కు పెద్దదైంది' అనేస్తారు. గళ్ళు ఆ తేడాను వెంట్రుకవాసి తప్పకుండా దించిపెడతాయి. ఇక ఫొటో లేకుండా మనసులో ఉన్న మొహం గీయాలంటే గళ్ళు దేనిమీద వేస్తాం?

ఆండ్రూ లూమిస్ గత శతాబ్దపు అమెరికన్ ఇలస్ట్రేటర్. ఆయన పద్ధతిలో పుర్రెను బంతి అనుకుని రెండు పక్కలా కొద్దిగా చెక్కేస్తాం. చెక్కిన చోట ఒక చిన్న గుండ్రం వస్తుంది. దాని పై అంచు ఎత్తున జుట్టు మొదలవుతుంది, నడిమి గీత ఎత్తున కనుబొమలు, కింది అంచు ఎత్తున ముక్కు అడుగు. కనుబొమల నుంచి ముక్కు అడుగుకు ఎంతో, అక్కడి నుంచి అంతే దూరం దిగితే గడ్డం. ఆ గుండ్రాన్ని నిలువుగా, అడ్డంగా నాలుగు చేస్తే వెనకవైపు కింది పావులో చెవి కూర్చుంటుంది.

ఇప్పుడా బంతిని పైకెత్తండి. కనుబొమల గీత విల్లులా పైకి వంగుతుంది. చెవి ఉన్నచోటే తిరుగుతుంది కాబట్టి కళ్ళకన్నా కిందికి దిగినట్టు కనిపిస్తుంది. నుదురు కురచవుతుంది, ముక్కు అడుగుభాగం, దవడ అడుగుభాగం బయటపడతాయి. బంతిని కిందికి వంచితే అంతా తిరగబడుతుంది: చెవులు పైకి పోతాయి, నడినెత్తి పెరుగుతుంది, ముక్కుకీ గడ్డానికీ మధ్య జాగా తగ్గుతుంది. వీటిలో ఒక్కటీ బట్టీ పట్టనక్కర్లేదు. 'కళ్ళు సగంలో' అని గుర్తుపెట్టుకున్నవాళ్ళకు మాత్రం ఇక్కడ కాళ్ళు తడబడతాయి, ఎందుకంటే ఆ సగం తల నిటారుగా ఉన్నప్పటి సగం.

పక్కకు తిరిగిన తలలో వచ్చే పెద్ద తప్పు కూడా బంతి దగ్గరే తేలిపోతుంది. పక్కనుంచి చూస్తే తల ముందునుంచి వెనక్కి దాదాపు తన ఎత్తంత ఉంటుంది. చాలామంది చెవిని చెంప మీదికి లాగేసి, దాని వెనక రెండు వేళ్ళ జాగా వదిలి జుట్టు వేసేస్తారు. కళ్ళూ ముక్కూ ఎంత ముద్దుగా కుదిరినా అది తలలా ఉండదు, కర్రకు తగిలించిన ముసుగులా ఉంటుంది.

లూమిస్‌కూ లోపం లేకపోలేదు. ఆ కొలతలు సగటువి, అదీ కాస్త అందగాళ్ళ సగటు. వాటినే నమ్ముకుంటే గీసిన ప్రతి మనిషీ ఒకే ఇంటివాడిలా వస్తాడు. చిన్నపిల్లల దగ్గర మరీ మోసం. వాళ్ళకు పుర్రె పెద్దది, మొహం చిన్నది, కళ్ళు సగానికి కిందే ఉంటాయి. పెద్దవాళ్ళ కొలత వేస్తే బుజ్జిగాడు కాస్తా పొట్టి పెద్దమనిషి అయిపోతాడు.

అందుకే బంతి వేశాక కంటికొలత తప్పదు. చెయ్యి పూర్తిగా చాపి, ఒక కన్ను మూసి, పెన్సిల్‌ను ఆనవాలుగా పట్టుకోండి. కంటి బయటి మూల నుంచి పెదవి మూలకు, అక్కడి నుంచి గడ్డానికి గీత ఎంత వాలుగా పోతోందో చూడండి. ఒక మనిషికీ ఇంకో మనిషికీ తేడా చాలావరకు ఆ వాలులోనే ఉంటుంది. మొదటినుంచీ చివరిదాకా ఈ కొలతతోనే గీసేవాళ్ళూ ఉన్నారు. పోలిక వాళ్ళకు వచ్చినంత బాగా ఇంకెవరికీ రాదు, కానీ ఎదుట మనిషి గానీ ఫొటో గానీ లేకపోతే చెయ్యి ఆగిపోతుంది.

ఫ్రాంక్ రైలీ అనే అమెరికన్ చిత్రకళా గురువు పేరుతో ఇంకో పద్ధతి ఉంది, అందులో ముఖమంతా వంపు గీతలు అల్లుకుంటాయి. చూడ్డానికి బాగుంటుంది, బంతి చేతికి వచ్చాక నేర్చుకోవచ్చు. ట్రేసింగ్ అంటారా, టైమ్ మిగులుతుంది, అంతే.

గళ్ళు వదల్లేనివాళ్ళు ఒక పని చేయొచ్చు. ముఖం దించేశాక, షేడింగ్ మొదలుపెట్టకముందే దాని మీద పలచగా ఆ బంతిని గీసి చూడండి. చెవి వెనక పుర్రె తక్కువైందా, చెవి ముందుకు జరిగిందా అనేది అప్పుడే తెలుస్తుంది. జుట్టు నల్లగా నింపేశాక తెలిసినా రబ్బరుతో లాభం లేదు.