పరిశోధన పోస్టరుకు మూడు నిమిషాల వీడియో: ద్వారకానగర్ స్టూడియో పనితీరు

విద్యార్థుల పరిశోధన పోస్టర్లను చిన్న వీడియోలుగా మలిచి ఇచ్చే, విశాఖపట్నం ద్వారకానగర్‌లోని ఒక స్టూడియోలో, రామకృష్ణా బీచ్ కోతపై మా విద్యార్థులు రూపొందించిన పోస్టరుకు వీడియో చేయించాము. 841 × 1189 మిల్లీమీటర్ల ఏ0 పోస్టరును యథాతథంగా ఫోన్ తెరకు కుదిస్తే అక్షరాలు చీమల బారులా కనిపిస్తాయి కనుక, వారు పూర్తి పోస్టరును ఆరంభంలో ఒక్కసారి మాత్రమే చూపి, ఆపై తీరరేఖ పటాన్నీ గ్రాఫులనూ విడివిడిగా పెద్దవి చేసి, వ్యాఖ్యానం ఏ అంశానికి చేరితే చూపు అక్కడికే వెళ్ళేలా కూర్చారు. ఔటర్ హార్బర్ కట్టడాలు తీరం వెంబడి ఉత్తరదిశగా సాగే ఇసుకకు అడ్డుపడే తీరును కదిలే బాణాలతో వివరించిన భాగం, ముద్రిత పోస్టరులో దొరకని స్పష్టతను ఇచ్చింది. నా దృష్టిలో చెల్లించిన రుసుము ఆ ఒక్క భాగానికే సరిపోయింది.

శబ్దగ్రహణం మాత్రం నాసిరకం. ఏసీ రొద వ్యాఖ్యానం వెనుక అలాగే మిగిలిపోయింది. తెలుగు ఉపశీర్షికలలో ఒత్తులు చెదిరిపోగా, అడిగిన తరువాత సరిచేశారు. క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం 2008లో మొదలుపెట్టిన త్రీ మినిట్ థీసిస్ పోటీలో ఉన్నట్లే మూడు నిమిషాల హద్దును వారు పట్టుబట్టి పాటించడం నాకు నచ్చింది. పరిశోధన పద్ధతిని కుదించక తప్పలేదు; ఆ వివరాలు పోస్టరులోనే ఉన్నాయి. వీడియోకు దారి చూపే క్యూఆర్ కోడ్‌ను పోస్టరు మూలన అతి చిన్నదిగా ముద్రించబోయారు, కనుక ముద్రణకు ముందే దాని పరిమాణాన్ని ఫోన్‌తో పరీక్షించి చూసుకోవాలి.